మునిలక్ష్మక్క సాక్ష్యం

మా ఆయన జ్ఞానప్రకాశం గారు మహదేవపురలో ఒక తెలుగు సంఘానికి పాస్టరు. ఫర్నిచర్ షాపు మేడమీద హాలు అద్దెకు తీసుకుని ఆదివారం ఆరాధన జరుపుతాం. మా తరువాత అదే హాల్లో ఒక కన్నడ సంఘం కూడుకుంటుంది. మా ఆయన ప్రసంగానికి మొదలైతే ఉంటుంది గానీ, చివర ఎక్కడుందో ఆయనకీ తెలియదు. అందుకని పాపం వాళ్లు ప్రతి వారం మెట్లమీదే కాసేపు కూర్చుంటారు.

మా సంఘంలో ఉత్సాహానికి కరువు లేదు. సాక్ష్యాల సమయం అనగానే నలుగురు ఒకేసారి లేచేవారు. ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఇంకొకరికి ఇల్లు దొరికింది, మరొకాయనకు దర్శనం కలిగింది. అందరూ దేవునికే చెబుతున్నారు గనుక ఎవరూ ఎవరి మాటా వినేవారు కాదు. దానికి తోడు యశ్వంత్ కీబోర్డు. సంతోషంగానే ఉండేది, కాదనను. సంతలో కూడా సంతోషంగానే ఉంటుంది.

మునిలక్ష్మక్క తన కూతురు ఆశను తీసుకుని ఆనేకల్ నుంచి బస్సులో వస్తుంది. అక్కడ ఆమెది మగ్గాల పని. గొంతులో గడ్డ తీయించుకున్నాక ఆమెకు మాట పోయింది. నెలల తరబడి ఇంట్లో అన్నీ సైగలే. మాట తిరిగి ఇస్తే సంఘం మధ్య నిలబడి, నా నోటితోనే నీకు వందనాలు చెబుతానని దేవునికి మొక్కుకుంది. ఈ వేసవిలో మాట వచ్చింది. కానీ పక్కన కూర్చున్నవాళ్లకు మాత్రమే అందేంత సన్నగా వచ్చింది.

మాట వచ్చాక మొదటి ఆదివారమే సాక్ష్యానికి లేచి నిలబడింది. అదే క్షణాన అభిజిత్ కూడా లేచాడు. మంచివాడే, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పాటలు నడిపిస్తాడు. మైకు చేతికొస్తే మాత్రం వదలడు. అతని వెనకే మరో ఇద్దరు. అక్క రెండుసార్లు నోరు తెరిచింది. పెదవులు కదలడం కనబడింది గానీ, మాట పక్కనున్న నాకే అందలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. నాకు ఒళ్లు మండింది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మా ఆయనను నిలదీశాను. దేవుడిచ్చిన మాటను సంఘమే నొక్కేస్తే ఆమె ఇంకెక్కడ చెప్పుకోవాలి అన్నాను. ఆయన అన్నం సగంలోనే వదిలేసి, చెయ్యి కడుక్కుని బైబిలు తెరిచారు. ఆయన విషయంలో అది చిన్న సంగతి కాదు.

ఆ తరువాతి ఆదివారాలన్నీ అదే బోధ. కొరింథులో కూడా ఇలాగే అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే పౌలు మందలించాడట. ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి, ఎవరేం చెప్పినా పక్కవాడికి మేలు కలగాలి. సంఘం బుద్ధిగా నేర్చుకుంది. చిక్కల్లా ఒక్కటే. క్రమం గురించిన ప్రసంగం ఎంత పొడుగయ్యేదంటే, సాక్ష్యాల సమయం వచ్చేలోగా హాలు ఖాళీ చేయాల్సి వచ్చేది. అక్క ప్రతి వారం అదే నీలం చీర ఉతికి కట్టుకొచ్చి, చెప్పుకోకుండానే తిరిగి బస్సెక్కేది.

మొన్నటి ఆదివారం కూడా అలాగే అయ్యేటట్టుంది. మెట్లమీద కన్నడ సంఘం వాళ్ల మాటలు వినబడుతున్నాయి. మా ఆయన చేతులు ఊపుతూ చెబుతున్నారు.

"కూర్చున్నవాళ్లలో ఒకరికి దేవుడు మాట ఇస్తే, నిలబడి మాట్లాడేవాడు ఏం చేయాలి? ఆపి కూర్చోవాలి."

నా పక్కన మునిలక్ష్మక్క చెయ్యెత్తింది.

అభిజిత్ వెనక్కి తిరిగి, ఇప్పుడు కాదు, ప్రసంగం అయ్యాక అని సైగ చేశాడు. అక్క చెయ్యి మాత్రం దిగలేదు. అందరూ ఆ చేతిని చూసి, తరువాత పాస్టరుగారిని చూశారు. ఆయన నన్ను చూశారు. నేను తల ఊపాను.

"రా అక్కా," అన్నారు. బైబిలు మూసి, వచ్చి మగవాళ్ల మధ్య చాపమీద కూర్చున్నారు. ప్రసంగం సగంలో ఉండగా ఆయన కూర్చోవడం మా కాపురంలో అదే మొదలు.

అక్క ముందుకెళ్లి మైకు పట్టుకోగానే అది కీచుమంది. బెదిరి పక్కన పెట్టేసింది. యశ్వంత్ కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అభిజిత్ ఎవరూ చెప్పకుండానే లేచి ఫ్యాన్లన్నీ ఆపేశాడు. చెమటలు కారుతున్నా ఎవరూ విసురుకోలేదు.

"నాకు మాట పోయుండె అప్పా," అంది అక్క. దారంలాంటి ఆ గొంతు చివరి వరుస దాకా వెళ్లింది. "మా ఆశను పేరు పెట్టి పిలిచేకి గూడా కాకపాయ. ఇప్పుడు పిలస్తాండాను. బిడ్డ పలకతాండాది. దేవునికి వందనాలు."

ఆశ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. నేను ఏడ్చేశాను, దాచుకోలేదు.

అలవాటు కొద్దీ అల్లేలూయ అనబోయినవాళ్లంతా, ఇంకా ఏమైనా చెబుతుందేమోనని ఆగి ఆమె వంకే చూస్తున్నారు. అక్క నవ్వింది.

"నా మాట అయిపాయ. ఇంగ మీరు గట్టిగా పాడండప్పా."

ఇక చూడాలి మా వాళ్ల సంబరం. యశ్వంత్ కీబోర్డు వాయించాడనడం కంటే కొట్టాడనడమే నిజం. మెట్లమీది వాళ్లు లోపలికొచ్చి అదే రాగానికి కన్నడ మాటలు కలిపారు. మా ఆయన చాపమీంచి లేవకుండానే చప్పట్లు కొడుతున్నారు. ప్రసంగంలో మిగిలిన సగం ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

అక్క నా పక్కకొచ్చి, ఆశ చెయ్యి పట్టుకుని తనూ పాడింది. ఆ హోరులో ఆమె గొంతు ఎవరికీ వినబడలేదు. ఆమెకిప్పుడు ఆ దిగులు లేదు.