అరువు గొంతు

నేను ఒక స్పీకర్ని. చొక్కా జేబులో పట్టేంత ఉంటాను. నల్లటి ఒళ్ళు, జల్లెడ లాంటి మూతి, పక్కన మూడు మీటలు. ఫ్యాక్టరీలో మొదటిసారి ప్రాణం వచ్చేసరికి నాలాంటివాళ్ళ మధ్య వరసలో ఉన్నాను. అందరి చేతా ఒకే పరీక్ష పాట పాడిస్తున్నారు. ఇంకొకరి గొంతు అరువు తెచ్చుకుని అరవడమే నా బతుకని ఆ రోజే అర్థమైంది.

మొదట రాజమండ్రిలో ఒక యోగా టీచరమ్మ కొన్నది. తెల్లారకముందే ఆవిడ గొంతుతో "ఊపిరి పీల్చండి, వదలండి" అని మొదలుపెట్టేవాణ్ణి. జనం పీల్చడం బాగానే పీల్చి, వదిలేటప్పుడు కునుకు తీసేవారు. క్లాసు మూతపడింది. తరువాత కూరగాయల బండి అప్పలస్వామి దగ్గర చేరాను. ఆయన ఒక్కసారి "బెండకాయలమ్మా, వంకాయలమ్మా" అని అరిచి ఫోనులో పట్టాడు. ఆపైన వీధులన్నీ నేను అరిచాను, ఆయన బీడీ కాల్చుకున్నాడు. బండికి పెద్ద మైకు బిగించుకున్నాక, రోజూ కూరలు కొనే గవర్రాజు గారికి నన్ను ఇచ్చేశాడు.

గవర్రాజు గారు కరెంటాఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం పోయి పిట్టల పిచ్చి వచ్చింది. అలాంటి పిచ్చివాళ్ళంతా కలిసి ఒక జట్టు. సెలవు రోజుల్లో వ్యాను మాట్లాడుకుని, మెడలో బైనాక్యులర్లు, భుజాన మూరెడు పొడవు లెన్సులు వేసుకుని అడవులు పట్టిపోతారు. నా పని ఏమిటంటే పిట్టలకి అబద్ధం చెప్పడం. పొదలో దాక్కున్న పిట్టకి దాని జాతి కూతే వినిపిస్తాను. తన చోటులోకి ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని అది పోట్లాటకి బయటికి వస్తుంది. వెంటనే కెమెరాలు టకటకమంటాయి. యోగాకి పిలిస్తే మనుషులు ఆలస్యంగా వచ్చారు. కూరలకి పిలిస్తే బేరానికి వచ్చారు. పిట్టలు మాత్రం కొంప మునిగినట్టు వచ్చేవి. వాటి కంగారు చూసి చూసి నాకు విసుగు పుట్టింది.

గవర్రాజు గారికి దొరకనిది ఒక్కటే. పొన్నంగి పిట్ట. ఆకుపచ్చ వీపు, నీలి రెక్క, తోక కింద ఎరుపు. ఒంటి మీద ఇన్ని రంగులున్నా ఎండుటాకుల్లో నడుస్తుంటే కంటికి ఆనదు. జట్టులో అందరూ దాని ఫోటో తీశారు. ఈయన మాత్రం దాని ఈల విన్నారు, అంతే.

ఆ వానాకాలం మొదట్లో మారేడుమిల్లి ప్రయాణం పెట్టారు. వచ్చే నెల ఆయనకి రెండు మోకాళ్ళూ ఆపరేషన్. తరువాత అడవిలో నేల మీద కూర్చోవడం ఇక కుదరదని డాక్టరు ముందే చెప్పేశాడు. పొన్నంగి పిట్ట ఈసారి దొరికితే దొరికినట్టు. లేకపోతే లేదు.

వ్యానులో జట్టు పెద్ద సత్యవేణి గారు లేచి నిలబడ్డారు. ఆవిడ జువాలజీ లెక్చరరుగా చేసిన మనిషి. "ఇది గూళ్ళ కాలం. ఎవ్వరూ స్పీకరు తియ్యకూడదు. తీస్తే ఇదే వ్యానులో వెనక్కి పంపించేస్తాను, తెలిసిందా?"

"మా గవర్రాజుకి చెప్పండి మేడమ్," అన్నాడు పక్క సీట్లోని కోదండం. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే బడి, ఒకే వీధి. "వీడికి పిట్ట దొరక్క, కిందటిసారి రిసార్టు గోడ మీద బొమ్మని ఫోటో తీశాడు."

"నువ్వు నోర్ముయ్యరా," అన్నారు గవర్రాజు గారు. అప్పటికే నేను ఆయన సంచిలో, సాక్సులో చుట్టుకుని పడుకుని ఉన్నాను.

పొద్దున్నే జట్టు కొండెక్కింది. మోకాళ్ళ నొప్పని గవర్రాజు గారు వాగు ఒడ్డున ఉండిపోయారు. అందరి అలికిడీ తగ్గాక నన్ను తీసి జేబులో వేసుకుని మీట నొక్కారు. నేను పొన్నంగి పిట్టలా ఈల వేశాను.

వాగు అవతలి పొదల్లోంచి జవాబు వచ్చింది.

నేను మళ్ళీ వేశాను. మళ్ళీ జవాబు. ఆయన కెమెరా గుండెకి హత్తుకుని, మోకాళ్ళ మీద పాకుతూ బయలుదేరారు. లోతులేని వాగు, రాళ్ళు, బురద, జలగలు. మధ్యలో ఆగి పళ్ళు బిగించి, "వస్తన్నానమ్మా, ఉండు," అని గొణిగారు.

నాకు మాత్రం అనుమానం తగిలింది. నా ఈలలో ఒక లోపం ఉంది. రికార్డు చేసినవాడెవడో మూడో ఈల తరువాత చిన్నగా దగ్గాడు. అవతలి పిట్ట కూడా మూడో ఈల తరువాత దగ్గుతోంది! నాకీ పాట ఎక్కించింది కోదండమే. సంగతి తెలిసిపోయింది. చెప్పడానికి నాకు గొంతేది? ఆయన చెవులకి అంత సన్నటి దగ్గు ఆనలేదు. ఆయన పాకుతూనే ఉన్నారు.

అప్పుడు నిజం పిట్ట వచ్చింది.

మా రెండు గొంతుల మధ్యలో, ఎండుటాకుల మీద దిగింది. ముక్కున వానపాములు. గూట్లో పిల్లలకి పట్టుకెళ్తున్నట్టుంది. నా వైపు పరుగెత్తింది. అవతల ఈల వినపడగానే అటు తిరిగింది. మళ్ళీ ఇటు. గవర్రాజు గారు ఊపిరి బిగబట్టి లెన్సు ఎత్తారు. పిట్ట నిలవడం లేదు. లెన్సు దాన్ని పట్టలేకపోతోంది.

పిట్ట వెనక ఆకుల్లో ఒక టోపీ కదిలింది. కోదండం! ఎదురుగా రాతి మీద ఒక స్పీకరు. స్నేహితుడు వాగు ఒడ్డున కూర్చుంటాడని తెలిసి, పిట్టని అతని ముందుకి తోలాలని వాడు జట్టులోంచి జారుకుని ముందే వచ్చి దాక్కున్నాడు. ఇటు ఈల వినపడితే నిజం పిట్టే పలుకుతోందనుకున్నాడు. ఇప్పుడు మమ్మల్ని చూశాక ఆ ఈల ఈయన జేబులోదని తెలిసింది.

"ఇంకొక్క నిమిషం ఆడించరా," అని కోదండం గుసగుసలాడాడు. "అలిసిపోయి నిలబడిపోద్ది. అప్పుడు ఫోటో కొట్టు!"

అది నిజమే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నోరు తెరుచుకుని రాతి మీద ఠీవిగా నిలబడ్డ పిట్టల ఫోటోలు చాలా వరకు అలా వచ్చినవే. చూసినవాళ్ళు దాన్ని ఠీవి అంటారు. అది ఆయాసం.

పిట్ట నాకు జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. వానపాములు జారి ఆకుల్లో పడ్డాయి.

గవర్రాజు గారి రెండు చేతులూ లెన్సు మీదే ఉన్నాయి. అంత బరువు ఒంటి చేత్తో ఆగదు. నా మీట నొక్కాలంటే లెన్సు దించాలి. ఆయన గుండె నా వీపు మీద దడదడ కొట్టుకుంటోంది.

లెన్సు దించారు. జేబులో చెయ్యి పెట్టి నా గొంతు నొక్కేశారు.

"ఆపరా కోదండం."

"ఒరే, పిచ్చెక్కిందా? మళ్ళీ దొరకదురా నీకు!"

"ఆపమన్నానా? దాని నోట్లో కూడు పడిపోయింది, కనబడట్లేదా?"

అవతలి గొంతూ ఆగిపోయింది. పిట్ట అటూ ఇటూ చూసింది. వెనక్కి పరుగెత్తి, పడినవి ముక్కుతో ఏరుకుని, ఆయన లెన్సు మళ్ళీ ఎత్తేలోగా పొదలో దూరింది. మిగిలింది ఆకులే.

కోదండం వచ్చి ఆయన్ని లేపబోయాడు. లేవలేకపోయారు. ఇద్దరూ బురదలోనే కూలబడ్డారు.

"నీకోసం పొద్దున్నే వచ్చి చచ్చానురా," అన్నాడు కోదండం.

"నిన్నెవడు చావమన్నాడు?" అన్నారు ఈయన, వాడి భుజం మీద చెయ్యి వేసి.

మధ్యాహ్నం సత్యవేణి గారు అడిగారు, "దొరికిందా అండీ?"

"కనపడిందండి," అన్నారు గవర్రాజు గారు. కోదండం వాగు వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు నేను ఆయన మంచం పక్కన, మందుల డబ్బాల మధ్య ఉన్నాను. అడవి నుంచి వచ్చాక నన్ను ఎవరూ ఛార్జింగ్ పెట్టలేదు. నాకూ అక్కర్లేదు, చాలా అరిచాను. మోకాళ్ళకి కట్లతో ఆయన పడుకుని ఉంటారు. కోదండం రోజూ బజ్జీల పొట్లంతో వస్తాడు. తియ్యకుండా వదిలేసిన ఆ ఫోటో గురించి ఇద్దరూ తగువు పడతారు.

"నీలం రెక్క ఇలా విప్పింది చూడు..."

"ఎక్కడ విప్పిందిరా? ముడుచుకునే ఉంది. ముక్కులో మూడు వానపాములు."

"నాలుగు!"

"నీ మొహం, నాలుగంట."

రెండే. నేను జేబు అంచులోంచి చూశాను. కానీ నన్నెవరూ అడగరు. అడిగినా చెప్పడానికి నా గొంతంటూ నాకు ఎప్పుడూ లేదు.