ఉతకని చొక్కా

తప్పంతా నాగరత్నమ్మ తొందరది. అంతకుముందు ఆమె సంసారానికి వంక పెట్టడానికేమీ లేదు. కర్నూలు పాతూర్లో కిరాణా అంగడి, అంగడి మీద రెండు గదులు, మొగుడు రాఘవేంద్రప్రసాద్, ఇరవయ్యారేళ్ళ కాపురం. ఆ రెండు గదుల్లో ఉక్కకు ఉడికి ఉడికి, కడాకు కల్లూరులో స్థలం కొని ఇల్లు మొదలుపెట్టినారు. ఇల్లంటే ఇల్లా అది! హాల్లో పెళ్ళి చేయొచ్చు. నాలుగు పడకగదులు, తూర్పు వాకిలి, కింద నున్నటి నల్ల కడప బండలు. దోవన పోయే షేర్ ఆటోవాళ్ళు కూడా కాస్త నిదానించి చూసి పోయేవాళ్ళు.

అట్లా చూసే కళ్ళ కోసమే గదా దిష్టిబొమ్మ కట్టేది. మేస్త్రి ఉరుకుందప్ప ఒకనాటి పొద్దున అంగడి మీది గదికొచ్చి, "అమ్మా, బొమ్మ కట్టల్ల, చొక్కా ఒకటి ఇయ్యి. పాతది, ఉతికింది ఇయ్యి తల్లీ" అన్నాడు. ఉతికింది అని నోరు తెరిచి చెప్పినాడు పాపం. చెవిన పెడితే గదా! పొయ్యి మీద పప్పు మాడతా ఉంది, నాగరత్నమ్మ చేతికి దొరికింది తీసి విసిరేసింది. అది వాళ్ళాయన అప్పుడే విడిచిన నీలం గళ్ళ చొక్కా. చంకల్లో చెమట కూడా ఆరలేదు.

ఉరుకుందప్ప దాన్లో వరిగడ్డి కూరి, తలకు కుండ బోర్లించి, సున్నంతో కళ్ళు, మసితో మీసాలు దిద్ది, మేడ మీద వీధివైపుకు కట్టినాడు. ఆ పొద్దు అందరూ నవ్వుకున్నారు కూడా.

తేడా మొదట బయటపడింది బంధువుల పెళ్ళిలో. బంతిలో కూర్చున్నాక పప్పు ఆయన విస్తరిని దాటి పక్క విస్తట్లో పడింది. నెయ్యి దాటింది. ఓళిగ కూడా దాటిపోతుంటే నాగరత్నమ్మకు ఒళ్ళు మండింది. "ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని గట్టిగా అరిచింది. వడ్డించేవాడు ఉలిక్కిపడి, "అయ్యో, ఈడ మనిషి ఉండాడామ్మా!" అన్నాడు.

ఆ మీదట అంగట్లో. బేరానికొచ్చినవాళ్ళు ఆయన ముందే నిలబడి, "అంగట్లో ఎవురూ ల్యారా?" అని కేకేసేవాళ్ళు. ఆయన రెండుసార్లు దగ్గితే గానీ చూపు తిరిగేది కాదు. కల్లూరులో మాత్రం కథ వేరే. ఎదురింటి భీమక్క ఒకనాడు, "మీ ఆయనకు ఇల్లంటే శానా మోజు గదమ్మా, పొద్దస్తమానం మేడ మీదనే ఉంటాడు. చెయ్యెత్తితే మాత్రం పలకడు" అన్నది. ఆయనేమో అంగడి వదలక, కల్లూరు దిక్కు పోయి నెల దాటింది.

ఇవన్నీ ఒకెత్తు, ఆ ఆదివారం ఒకెత్తు. నాగరత్నమ్మ చిత్రాన్నం చేసి, తట్ట పెట్టుకొని తినడానికి కూర్చుంది. సగం తిన్నాక వెనకనుంచి గొంతు వినపడింది. "ఏమే, నాకు తట్ట పెట్టవా?" ఆయన పొద్దుటినుంచీ ఆ గదిలోనే ఉండాడు. లోకం సంగతి అట్ల పెట్టండి, తన కళ్ళే ఆయన్ను దాటిపోవడం మొదలుపెట్టినాయి. ఆ పూట ఆమె ఆయన చెయ్యి పట్టుకొని చిన్నపిల్ల మాదిరి ఏడ్చింది.

మరునాడే ఉరుకుందప్పను పిలిపించింది. అతను చొక్కా సంగతి విని తల పట్టుకున్నాడు.

"చెమట మీది చొక్కా అంటే మనిషిని కట్టినట్టే గదమ్మా. ఆయన మీద పడాల్సిన చూపంతా దాని మీద పడతా ఉండాది."

"అయితే ఇప్పుడే పీకి పారేయప్పా!"

"పారేస్తే దాంతో పాటు ఆయన కూడా పోతాడు. ముందు చూపు మళ్ళించల్ల. ఆయన్ను ఆ ఇంటి వాకిట్లో నిలబెట్టి, కట్టుకున్నదానివి నువ్వు, ఆయన కళ్ళల్లోకి చూస్తా పేరు పెట్టి మూడుసార్లు పిలువు. ఆయన పలకల్ల. ఆ మీదట నేనొచ్చి బొమ్మను దించుతా. ఒక్కటి మాత్రం మతిలో పెట్టుకో తల్లీ, పిలిచేటప్పుడు చూపు పక్కకు పోగూడదు."

పేరు పెట్టి పిలవాలట! నాగరత్నమ్మ ఇరవయ్యారేళ్ళలో మొగుడి పేరు పలికిన పాపాన పోలేదు. పెళ్ళిలో చెప్పమని ఆడపడుచులు వాకిలికి అడ్డం నిలబడితేనే ఏడ్చి తప్పించుకుంది. "ఏమండీ" అంటే పలికే మనిషికి పేరెందుకు అనేది. ఇదిగో, అదిగో అని నెల జరిపింది. ఈ లోపల ఆయన, "ఆ ఇల్లే మనకు అచ్చిరాలేదు, అమ్మేద్దాం" అన్నాడు. ఇల్లు పోతే పోనీ, మనిషి దక్కితే చాలనుకొని ఆమె గేటుకు బోర్డు కట్టించింది.

ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసి కర్నూలుకు మారిన హర్షవర్ధన్, అతని భార్య యామిని రెండుసార్లు వచ్చి చూసిపోయినారు. ఇల్లు వాళ్ళకు తెగ నచ్చింది. రెండుసార్లూ ఆయన పక్కనే నిలబడి ఉన్నా, "మీ వారు రాలేదా ఆంటీ?" అనే అడిగింది యామిని. మూడోసారి మాట ఖాయం చేసుకోవడానికి సాయంత్రం నాలుక్కు వస్తామన్నారు. ఆ దిష్టిబొమ్మ తీసేయండి, చూస్తే భయమేస్తుంది అని కూడా చెప్పినారు.

ఇంక జరపడానికి రోజు మిగల్లేదు. మూడున్నరకే మొగుడూ పెళ్ళాం కల్లూరు చేరినారు. బొమ్మను ముందే ఎవరూ ముట్టకుండా నాగరత్నమ్మ మేడమెట్ల గేటుకు తాళమేసి, చెవి కొంగుకు ముడేసుకుంది. ఆయన వాకిట్లో, చెప్పులు విడవకుండా ఆమె ఎదురుగా నిలబడినాడు. ఎడమ చెప్పు పట్టీ తెగితే మొన్న ఆమే ఎర్రదారంతో కుట్టింది. ఆయన నవ్వి, "పిలవ్వే, నేనేం కొరకను" అన్నాడు.

ఆమె ఆయన కళ్ళల్లోకి చూసింది. నోరు తెరిచింది. పెగల్లేదు. మొహం జేవురించింది, చెవులు కాలిపోయినాయి. యాభై ఏళ్ళ మనిషి, కొత్త పెళ్ళికూతురి కంటే ఎక్కువ సిగ్గుపడింది. నోట మాట రాని ఆ సిగ్గులో కళ్ళు ఎత్తేసింది. చూపు పైకి, మేడ మీది బొమ్మ దాకా పోయింది, పేరు బయటికొచ్చింది.

"రాఘవేంద్రప్రసాద్!"

ఒకసారి వచ్చినాక గొంతు తెరుచుకుంది. ఆ ఊపులోనే, ఆ చూపుతోనే, మరో రెండుసార్లు పిలిచేసింది.

"ఆఁ, వస్తాండా" అని పైనుంచి పలికినాడు.

మేడ మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. అప్పుడే వీధి గేటు తీసుకొని హర్షవర్ధన్, యామిని లోపలికొచ్చినారు. మెట్లు దిగి నీలం గళ్ళ చొక్కాతో, నల్లటి మీసాలతో ఆయన వచ్చి నిలబడినాడు. హర్షవర్ధన్ గబగబా రెండు చేతులూ జోడించి, "నమస్తే అండీ! ఇన్నాళ్ళకు కనపడినారు" అన్నాడు. యామిని కూడా నవ్వింది. గోడవతల నుంచి భీమక్క, "ఈ పొద్దు కిందికి దిగినావా అన్నా!" అని పలకరించింది.

నాగరత్నమ్మకు ప్రాణం లేచొచ్చింది. చూసినారు! అందరూ చూసినారు! పమిటతో కళ్ళు ఒత్తుకుంటుంటే గట్టిగా ఏదో చేతికి తగిలింది. కొంగున ముడేసిన తాళంచెవి. ఇదెందుకు ముడేసుకున్నానబ్బా అని ఒక్క క్షణం ఆలోచించింది, తట్టలేదు. ఆయన మీద ఎండుగడ్డి వాసనేసింది. ఎండలో నిలబడితే అంతే మరి అనుకుంది.

"ఏమే, పిలవ్వేం? నేను ఈడనే ఉండా గదా" అని పక్కనుంచి సన్నగా ఎవరో అన్నట్టయింది.

ఆమె తిరిగి చూసింది. నల్ల బండల మీద ఎండ తప్ప ఏమీ లేదు. వాకిలికి అడ్డంగా ఒక జత చెప్పులు ఉండాయి, ఒకదానికి ఎర్రదారంతో కుట్టు. ఎవరో కూలీవాళ్ళు మరిచిపోయుంటారనుకొని వాటిని కాలితో పక్కకు తోసి, "ఏమండీ, రండి, లోపల కూర్చొని మాట్లాడుకుందాం" అంటా ఆయన వెనకాలే ఇంట్లోకి పోయింది.