ఒక్క మంచి రెక్క

భుజం వెనక ఉండే పలక ఎముకను మా ఆసుపత్రి థెరపీ హాల్లో అందరూ రెక్క అనే అంటారు. పుస్తకాల్లో దానికి పెద్ద పేరేదో ఉంది, నాకు నోరు తిరగదు. నేను చక్రాల కుర్చీలు తోసేదాన్ని. ఫిజియోథెరపీ చదివినవాళ్లు ఆరుగురు, అందరూ ఆడవాళ్లే. పక్షవాతం వచ్చినవాళ్లను, తుంటి విరిగినవాళ్లను మంచం మీంచి లేపి నిలబెట్టి నడిపించడం వాళ్ల పని. లేపే యంత్రం ఒకటి ఉంది. అది చెడిపోయి మూడేళ్లయింది, దాని మీద తువ్వాళ్లు ఆరేస్తాం.

రెక్క సంగతి నాకు చెప్పింది పెద్దక్క. పంతొమ్మిదేళ్లుగా అక్కడే థెరపిస్టు.

"ఈ ఎముక వీపుకి ఎక్కడా అతుక్కోలేదే. ముందు కాలర్ ఎముక కొసన ఒక్క చోట పట్టు, అంతే. మిగతాదంతా కండల మీద తేలుతుంటుంది. పదిహేడు కండలు తలో వైపూ లాగుతుంటాయి. నువ్వు జడ వేసుకున్నప్పుడల్లా అది జారి, తిరిగి, మళ్లీ తన చోటికి తను వస్తుంది. ఎవరు నేర్పారు దానికి?"

ఆ రోజు ఇంటికెళ్లి అద్దం ముందు చెయ్యెత్తి దించి, ఎత్తి దించి, వంట మరిచిపోయాను. ఇంత గొప్ప వస్తువు నా వీపున పెట్టుకుని, ఇన్నేళ్లూ దురద పెట్టినప్పుడు తప్ప పట్టించుకోలేదు.

అలాంటి పెద్దక్క కుడి రెక్కే మాట వినడం మానేసింది. వీపుకి అంటుకుని జారాల్సింది పోయి, తలుపు సందులోంచి తొంగిచూసే పిల్లిలా అంచు బయటికి పొడుచుకొస్తుంది. చెయ్యి భుజం దాటితే నొప్పి. ఆమె ఎడమచేత్తో నెట్టుకొస్తుండగా సూపరింటెండెంటు చూశాడు. ఫిట్‌నెస్ పరీక్ష పెట్టించాడు. శుక్రవారం బయటి నుంచి డాక్టరు వస్తుంది. తప్పితే హాల్లో పని లేదు, కూర్చుని చేసే పని ఖాళీ లేదు. అంటే ఇంటికే.

"వయసమ్మా. ఇంట్లో బిందెలు మోసుంటారు" అన్నాడాయన.

"మా ఇంట్లో కుళాయి ఉంది సార్" అంది పెద్దక్క. ఆయన అప్పటికే ఫోనెత్తాడు.

గురువారం మధ్యాహ్నం తిండి వేళకు వాళ్లారుగురూ నేనూ వ్యాయామం గది తలుపు గడియ పెట్టుకున్నాం. పెద్దక్క పరీక్షలో మోసం చెయ్యాలనుకుంది. ఎలా చెయ్యాలో ఆమెకు తెలియక ఎవరికి తెలుస్తుంది? వ్యాయామంలో రోగులు చేసే మోసాలు ఇన్నేళ్లూ పట్టుకున్నది ఆమే. పరీక్ష చిన్నదే. రెండు చేతుల్లో చెరో కిలోన్నర బరువు పట్టుకుని మెల్లగా ఎత్తి, మెల్లగా దించాలి, ఐదుసార్లు. డాక్టరు వెనక నిలబడి చూస్తుంది.

"ఎత్తేటప్పుడు అందరూ దొరలే. దించేటప్పుడే బండారం బయటపడుతుంది" అంటూ, వీపు వైపు తెరుచుకునే రోగుల గౌను తొడుక్కుని మొదలుపెట్టింది.

పొట్టి వెనక నిలబడింది. పొట్టి అంటే అందరిలోకీ చిన్న థెరపిస్టు, చేరి నాలుగేళ్లు.

"మూడోసారికే పొడుచుకొచ్చిందక్కా."

"ఊపిరి బిగబట్టి చేస్తా, చూడు."

"ఇంకా అధ్వాన్నం. ఇప్పుడు పిల్లి సగం బయటికొచ్చింది."

"నోరుముయ్యవే. అయితే నువ్వు చెయ్యి. మంచి రెక్క ఎలా దిగుతుందో చూసి, అచ్చం అలాగే నటిస్తా."

పొట్టి గౌను మార్చుకుని చేతులెత్తింది. దించింది. పెద్దక్క దగ్గరికి వంగి చూసింది.

"ఏంటక్కా, అంత బాగుందా?"

"నీకు నొప్పి ఉందా?"

"ఎవరికి లేదు? పడుకుంటే పోతుంది."

"పోదే తల్లీ" అంది పెద్దక్క. "నువ్వు రా" అని ఇంకొకరిని పిలిచింది. తర్వాత ఇంకొకరిని. ఒక్క మంచి రెక్క కోసం గదంతా వెతికింది. దొరకలేదు. రోజుకు పాతికమంది వీపులు చూసే కళ్లవి. పక్కన పనిచేసే మనిషి వీపు ఏనాడూ చూడలేదు.

అందరికీ గౌన్లు తొడిగించి వరుసగా నిలబెట్టి, తనూ చివర నిలబడి, ఒక్కసారిగా ఎత్తమంది. నేను గోడకు ఆనుకుని చూశాను. పన్నెండు రెక్కలు లేచాయి. దిగేటప్పుడు ఒకటి వణికింది, ఒకటి కటుక్కుమంది, ఒకటి చర్మాన్ని చీల్చుకుని ఎగిరిపోతుందేమో అన్నట్టు లేచి ఆగింది. నాకు జాలి కలగలేదు. కొండ దగ్గరికెళ్లి తలెత్తితే మాట పడిపోతుందే, అలా అయింది. ఊళ్లో ఇవాళ తన కాళ్లమీద తను నడుస్తున్నవాళ్లలో ఎందరు ఈ పన్నెండు ఎముకలను పట్టుకుని లేచారో! రెక్కాడితే గాని డొక్కాడదని సామెత చెబుతుంది. ఆడీ ఆడీ రెక్క ఏమవుతుందో ఆ సామెత చెప్పినవాడు చూడలేదు.

"అక్కా, రేపు నాటకం వద్దు. అందరూ కలిసి చూపించండి" అన్నాను.

"నాతోపాటు వీళ్లనీ ముంచమంటావా?"

"ఆరుగురినీ పంపేస్తే రోగుల్ని ఎవరు లేపుతారు? సూపరింటెండెంటా?" అంది పొట్టి. నవ్వారు గానీ, ఒక్కరూ గౌను విప్పలేదు. మళ్లీ మళ్లీ ఒకరి వీపు ఒకరు చూసుకున్నారు.

శుక్రవారం డాక్టరమ్మ వచ్చింది. తెర వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు.

"నాకు ఒక్కరి పేరే ఇచ్చారే?"

"ఊరికే చూడండి మేడం" అంది పెద్దక్క. ఊపిరి బిగబట్టలేదు. దాచకుండా దించింది. పక్కన ఐదుగురూ అలాగే దించారు.

వెనక నిలబడ్డ డాక్టరమ్మ ఒక అడుగు ముందుకేసింది. "మళ్లీ చెయ్యండి" అంది. మూడోసారి కూడా చేయించింది. ఒక్కొక్క వీపు మీద వేళ్లు ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత, "పోల్చుకోవడానికి బాగున్నది ఒక్కటైనా కావాలి" అని తెర బయటికొచ్చి సూపరింటెండెంటును పిలిచింది. "సార్, చొక్కా మీంచే చాలు, ఈ బరువులు ఎత్తి దించండి."

పెద్దక్క శాలువా కప్పుకుని బయటికొచ్చింది. ఆయన ఎత్తాడు, దించాడు. పలుచని చొక్కా కింద ఆ రెండు రెక్కలూ నీళ్లమీద ఆకుల్లా జారి, తిరిగి, వాటి చోట్లో అవి కూర్చున్నాయి. నిజం చెప్పాలి, అంత అందమైన భుజాన్ని నేను చూడలేదు.

"ఎంత బాగుందో!" అంది పెద్దక్క. వెటకారం కాదు. "ఇలా ఉండాలే పొట్టీ, చూడు, చూడు!"

ఆయన పొంగిపోయాడు. "నేను వ్యాయామం కూడా చెయ్యనండీ."

"ఎవరినీ ఎత్తలేదు కూడా" అంది డాక్టరమ్మ. కూర్చుని రాసింది. "ఇది పనివల్ల వచ్చింది, ఆరుగురికీ. వైద్యం మీరే చేయించాలి. ఇద్దరు లేకుండా మంచం మీంచి ఎవర్నీ లేపకూడదు."

"నేనడిగింది ఈవిడొక్కరి గురించే..."

"ఈవిడ పనికిరాదంటే ఆరుగురూ పనికిరారు. అలా రాయమంటారా?"

ఆయన బరువులు బల్లమీద పెట్టేశాడు. "వద్దులెండి" అన్నాడు.

సోమవారం ఒక భారీ మనిషి, పక్షవాతం రోగి, మంచం అంచున కూర్చుని ఉన్నాడు. పెద్దక్క అలవాటుకొద్దీ ఆయన చంకకింద చెయ్యి పెట్టి ఆగిపోయింది. పంతొమ్మిదేళ్లలో ఆమె సాయానికి ఎవరినీ పిలవడం ఎవరూ వినలేదు. చెయ్యి తీసేసి హాలు వైపు తిరిగింది.

"ఎవరైనా ఒకరు రండే."

పొట్టి పరుగెత్తుకొచ్చింది.

"ఏంటమ్మా, నేనంత బరువా?" అన్నాడు రోగి నొచ్చుకుంటూ.

"బరువే బాబాయ్. ఎనభై ఆరు కిలోలు. ఇన్నేళ్లకు ఇవాళ బయటికి అంటున్నా."

ఇద్దరూ చెరోవైపు పట్టారు. ఆయన కాళ్లు వణికాయి, నిలిచాయి. నిలబడ్డాడు.