ఇంట్లో ఉండే పెద్దలు

పెద్దమ్మ ఇంటి ముందుగదిలో ఐదుగురు పిల్లలు పెరుగుతుండేవారు. అందులో ఒక్కరు కూడా ఆ ఇంటివాళ్లు కారు. పొద్దున ఎనిమిదింటికి తల్లులు దించేసి పనులకు పోయేవారు, సాయంత్రం ఆరింటికి వచ్చి తీసుకుపోయేవారు. మధ్యలో ముక్కులు తుడవడం, అన్నాలు తినిపించడం, తగవులు తీర్చడం ఆమె పని. పిల్లలూ, తల్లులూ, చివరికి పాలవాడు కూడా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేవారు.

ఆమె భర్త ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి. మతిమరుపు జబ్బు వచ్చాక పేర్లు పోయాయి, వీధులు పోయాయి, బస్సు మాత్రం పోలేదు. కుర్చీలు వరసగా వేసి, ముందు కుర్చీలో తాను కూర్చుని, "ఎక్కండి, ఎక్కండి, లోపలికి జరగండి" అనేవాడు. పిల్లలకు ఆయన బస్సు తాత. అల్లరి చేస్తే దింపేస్తానన్నాడంటే గది గప్‌చిప్.

ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లంతా లైసెన్సు తీసుకోవాలని కొత్త నిబంధన వచ్చింది. పెద్దమ్మ బెదరలేదు. కిటికీలకు వల కొట్టించింది. మందులూ సబ్బులూ అటకెక్కించింది. వంటగది గుమ్మానికి చిన్న గేటు పెట్టించింది.

తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ గడపలో చెప్పులు విప్పుతుంటే తాత లోపలినుంచి కేకేశాడు. "మెట్టు మీద నిలబడకూడదమ్మా, లోపలికి రండి."

ఆమె నవ్వుతూ లోపలికి వచ్చింది. టేపుతో గది కొలిచింది. అన్నీ బాగున్నాయంది. ఆఖరి కాగితం దగ్గర ఆగింది.

"ఇంట్లో ఉండే పెద్దలందరికీ ఆరోగ్య సర్టిఫికెట్ కావాలమ్మా. ఆయనకి డాక్టరు ఇస్తాడా?"

"ఇవ్వడమ్మా. కానీ ఆయన చీమకి కూడా హాని చెయ్యడు."

"తెలుస్తూనే ఉంది. కానీ ఓ రోజు వీధి తలుపు తీసి పిల్లల్ని వెంటబెట్టుకుపోతే?"

కిందటి నెల అదే జరిగింది. పెద్దమ్మ పొయ్యి దగ్గర ఉండగా ఆయన ఐదుగురినీ చేయీ చేయీ పట్టించి వీధి మలుపు దాకా నడిపించుకుపోయాడు. ఆ సంగతి ఏ తల్లికీ చెప్పలేదు.

"మరి ఆయన్నెక్కడ పెట్టను?"

"ఎనిమిది నుంచి ఆరు దాకా ఇంట్లో ఉండకూడదు. లేదా పిల్లలు వెళ్లలేని వేరే గదిలో ఉండాలి. పదిహేను రోజులు గడువిస్తాను. అంతకుమించి నా చేతిలో ఏం లేదమ్మా."

పెద్దమ్మ ఆడపడుచు దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. "అన్నయ్య నాకు బరువా వదినా? నా మోకాళ్లు చూడు. ఆయన వీధిలోకి పోతే నేను గుమ్మం కూడా దాటలేను."

చివరికి వడ్రంగి వచ్చి వెనకగది తలుపుకు బయటినుంచి గడియ బిగించాడు.

మొదటి రోజు పది గంటల దాకా బాగానే గడిచింది. తరువాత తలుపు మీద మెల్లగా తట్టడం మొదలైంది.

"ఎవరండీ, డోరు పడిపోయింది. కాస్త తీస్తారా?"

పిల్లలు బొమ్మలు వదిలేసి తలుపు దగ్గర గుమిగూడారు. "తాతా, మేం ఎక్కాలి!" అని చిన్నది ఏడుపు లంకించుకుంది. పిల్లల్ని కంటికి దూరం చెయ్యకూడదన్నది ఇంకో నిబంధన. ఆయన దగ్గరికి పోతే ఇక్కడ తప్పు, ఇక్కడుంటే ఆయన గోడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పెద్దమ్మ గది మధ్యలో నిలబడిపోయింది. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక గడియ తీస్తే ఆయన తడిసిన బట్టలతో మూలన కూర్చుని ఉన్నాడు. "సారీ అమ్మా, బండి ఆపలేకపోయాను" అన్నాడు.

ఇంకేదైనా దారి చూపమని ఆమె ఆఫీసరమ్మకు ఫోను చేసి జరిగింది చెప్పింది.

"మనిషిని లోపల పెట్టి గడియ వేశారా? అది నాకు చెప్పకుండా ఉండాల్సిందమ్మా. విన్నాక రాయకుండా ఎలా ఉంటాను?"

లైసెన్సు రాలేదు. వారం తిరక్కుండా తల్లులు ఒక్కొక్కరే పిల్లల్ని పెద్ద వీధిలోని శిశుసంరక్షణ కేంద్రంలో చేర్చారు. ఆ నిబంధనను తిట్టుకుంటూ చేర్చారు గానీ చేర్చారు. పిల్లలు ఎవరి దగ్గరా అన్నం తినడం లేదని ఆ కేంద్రంవాళ్లు పెద్దమ్మనే ఆయాగా రమ్మన్నారు. ఇల్లు గడవాలి కదా, ఒప్పుకుంది. అక్కడ ఆమె ఒక్కదానికే సర్టిఫికెట్ అడిగారు. ఇంట్లో ఎవరున్నారని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆమె ఎనిమిదింటికి వీధి తలుపుకు తాళం వేసి వెళుతుంది. లోపల ఆయన ఒక్కడే. నీళ్ల చెంబు, కలిపి పెట్టిన అన్నం బల్ల మీద ఉంటాయి. పక్కింటావిడ దగ్గర ఇంకో తాళంచెవి ఉంది.

"పదకొండు దాకా పిలుస్తూనే ఉంటారు పెద్దమ్మా, తరువాత ఊరుకుంటారు" అని పక్కింటావిడ చెప్పింది.

సగం పూట పని ఇమ్మని పెద్దమ్మ కేంద్రంలో అడిగింది. వచ్చే నెల చూద్దామన్నారు. ఆ నెలా వచ్చింది. మళ్లీ వచ్చే నెల చూద్దామన్నారు. ఆమె సరేనని తలూపి, ఏడుస్తున్న పిల్లాణ్ని చంకనెత్తుకుని లోపలికి పోయింది.