ఊడ్చేసిన నాలుగు వరుసలు

ఆఫీసులో అందరూ ఆమెను చీపురక్క అనేవారు. ఎవరు రాసిన ప్రోగ్రాం అయినా ఆమె చేతిలో పడితే చెత్తంతా పోయి అద్దంలా తయారయ్యేది. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వమే. ఆ గర్వమే కొంప ముంచింది.

వాళ్ళ కంపెనీ చూపులేనివాళ్ళకు పుస్తకాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. పదాలను శబ్దాలుగా మార్చే భాగాన్ని, అంటే దాని గొంతునే, ఐదేళ్ళ కిందట ఆమె ఇంటర్నెట్‌లో చూసి తెచ్చి అతికించింది. అక్కడ పెట్టారంటే ఊరందరిదీ అనుకుంది. ఆ కోడ్ పైన నాలుగు వరుసలుండేవి. రాసినవారి పేరు, ఎవరైనా వాడుకోవచ్చన్న మాట, ఈ పేరు మాత్రం తీయవద్దన్న షరతు. కంటికి అడ్డంగా ఉన్నాయని చీపురక్క వాటినీ ఊడ్చేసింది.

ఇప్పుడు నూట పది అంధుల పాఠశాలలు ఆ సాఫ్ట్‌వేర్ కావాలన్నాయి. ఒప్పందానికి ముందు ఏ ముక్క ఎక్కడిదో చూపించమంది కంపెనీ లాయరమ్మ. చీపురక్క ఊడ్చేసిన నాలుగు వరుసల సంగతి ఒప్పుకుంది.

"షరతు తప్పాం కాబట్టి అనుమతి కూడా పోయినట్టే," అంది లాయరమ్మ. "అది రాసినాయన మళ్ళీ సరే అంటే బతికిపోతాం. కాదంటే ఆ భాగం పీకెయ్యాలి."

"పీకేస్తే అది మూగదైపోతుందండీ! పిల్లలు ఇంకో రెండేళ్ళు ఆగాల్సిందే."

"అయితే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడు."

ఆ కోడ్ తెచ్చిన చోటే ఉన్న చిరునామాకు కలవాలని రాస్తే, రమ్మని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. మూడో అంతస్తులో గది. పట్టపగలే కర్టెన్లు మూసి ఉన్నాయి. తలుపు తీసిన పెద్దాయన రిటైరైన టెలిఫోన్ ఆపరేటరు, పుట్టుకతోనే చూపు లేదు. ఆ సంగతి గుమ్మంలో నిలబడేదాకా ఆమెకు తెలియదు. బల్ల మీద కీబోర్డూ స్పీకరూ ఉన్నాయి, మానిటర్ లేదు.

"ఎనిమిది వేల వరుసలు... ఎలా రాశారండీ?"

"చెవితో."

ఆయన ఒక మీట నొక్కాడు. స్పీకర్‌లో ఏదో చిటపటలాడింది, కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు. ఆమెకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ముప్ఫై వరుసలు గబగబా చదివేసింది," అన్నాడాయన తాపీగా. "పంతొమ్మిదో దాంట్లో బ్రాకెట్ మూయడం మర్చిపోయాను."

ఆమె నోరెళ్ళబెట్టింది. కళ్ళు పత్తికాయలు చేసుకుని రాత్రంతా వెతికినా తనకు దొరకని తప్పులు ఎన్నో! కాసేపటికి గానీ వచ్చిన పని గుర్తు రాలేదు.

"మీకో సంగతి చెప్పాలండీ..."

"నా కోడ్ మీ దాంట్లో ఉందనేగా? మొదటిరోజే తెలుసు."

"ఎలా?"

"ప్రశ్న చదివాక మీది కాస్త ఆగుతుంది. నూట ముప్ఫై ఏడు మిల్లీసెకన్లు. వినేవాడికి అది ప్రశ్న అని తట్టడానికి ఆ మాత్రం టైము కావాలని నేను పెట్టాను. ఇంకెవరైనా అయితే నూరో నూట యాభయ్యో పెట్టి ఊరుకునేవాళ్ళు."

ఆ అంకెను ఆమె ఎన్నోసార్లు చూసింది. ఎందుకుందో తెలియక, ముట్టుకోవడానికి ధైర్యం చాలక వదిలేసింది. అంత చిన్న విరామాన్ని ఈయన విని గుర్తుపట్టాడు!

"మరి ఇన్నాళ్ళూ అడగలేదేంటండీ?"

"మీరే నా పేరు పెడతారనుకున్నాను. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ముందు చివరి పేజీ వినేవాణ్ణి. ఎవరెవరు చేశారో చెప్పే పేజీ. ఇరవై రెండుసార్లు విన్నాను. నీ పేరు నాకు కంఠతా వచ్చేసింది, అమ్మాయ్."

ఆమె తల వంచుకుంది. ఆయనకు అది కనబడదని కాసేపటికి గానీ తట్టలేదు.

"తప్పయిపోయిందండీ," అంది పైకి.

"వాడుకోమని ఆనాడే చెప్పాను. పిల్లలు చదువుకుంటుంటే ఇప్పుడు కాదంటానా? పేరు పెట్టు, చాలు."

ఆమె అక్కడే లాప్‌టాప్ తెరిచి నాలుగు వరుసలూ తిరిగి పెట్టింది. చివరి పేజీలో ఆయన పేరు చేర్చి, చదవమని మీట నొక్కింది. ఆయన స్పీకర్ వైపు చెవి ఒగ్గి కదలకుండా విన్నాడు.

"ఇంకోసారి పెట్టు," అన్నాడు.