బేరమాడిన ప్రాణం

చేపలమ్మే రుయిఫెన్ ఒక చేప కొనడానికి రైలెక్కి హాంగ్‌చౌ దాకా వెళ్తోందంటే మామూలుగా అయితే ఊరి మార్కెట్టంతా పడీపడీ నవ్వేది. ఎందుకు వెళ్తోందో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ నవ్వలేదు. పక్క కొట్టు కూరగాయలావిడ రెండు ఉడకబెట్టిన గుడ్లు ఆమె సంచిలో పడేసి వెళ్లింది.

ఆ పొద్దున్నే కూతురు లింగ్యూకి గుండె ఆపరేషన్. తల్లి పక్కనుండాల్సిన రోజు. కానీ గుడిలో ముసలి సన్యాసిని ఆమె మనసులో ఒక పురుగును వదిలిపెట్టింది. "ఇన్నేళ్లూ ప్రాణాలు తీసిన చేతులమ్మా నీవి. బిడ్డ పుట్టిన ఊరి నీళ్లలో ఒక్క ప్రాణం వదిలిరా. ఒక్కదానివే వెళ్లు. వదిలే ప్రాణానికి మాత్రం బేరమాడకు." లింగ్యూ పుట్టింది హాంగ్‌చౌలోనే, అమ్మా నాన్నా అక్కడ బట్టల మిల్లులో పనిచేసే రోజుల్లో. అందుకే రుయిఫెన్ మొగుడు దెహాయ్‌ని ఆసుపత్రిలో కూర్చోబెట్టి చీకటితోనే బయలుదేరింది.

లింగ్యూకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా మంచం మీంచే వేళాకోళమాడింది. "చేపను చూడగానే నీ చెయ్యి తలమీద కొట్టే కర్ర కోసం వెతుక్కుంటుందేమో, జాగ్రత్తమ్మా! నన్ను లోపలికి తీసుకెళ్లేలోపు వీడియోలో చూపించు. అది ఈదుతుంటే చూసి వెళ్తాను."

హాంగ్‌చౌలో సరస్సు దగ్గరి మార్కెట్లో రుయిఫెన్ తొట్లన్నీ గాలించి ఒక గడ్డిచేపను ఎంచింది. మంచి జీవమున్న చేప.

"ఎంతయ్యా?"

"యాభై, అక్కా."

"యాభయ్యా! దాని మొహం చూడు, తొట్లో పడి ఎన్నాళ్లుగా మగ్గుతోందో. నలభైకిస్తావా, పొమ్మంటావా?"

మాట నోరు దాటాక నాలుక కరుచుకుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదని ఊరికే అనలేదు. అయ్యో, యాభయ్యే ఇస్తానని చెప్పబోయేలోపే అతను నవ్వేశాడు. "నీతో వేగలేను తల్లీ, తీసుకో" అంటూ చేపను చెక్క మీద పడుకోబెట్టి, కర్రతో తలమీద ఒక్కటిచ్చాడు.

"ఏం చేశావురా పాపిష్టోడా!"

"పొలుసు తియ్యొద్దా అక్కా?"

"నీళ్లలో వదలడానికి కొన్నాను!"

"వదిలేవాళ్లెవరూ బేరమాడరు కదక్కా. కూరకేమో అనుకున్నా." అతని మొహం పాలిపోయింది. "ఇంకోటి పట్టుకెళ్లు. డబ్బులొద్దు."

అతని తప్పేముంది? ఆమైనా అదే చేసేది. రోజూ చేస్తున్నదీ అదే. కానీ బిడ్డ కోసం కొన్న ప్రాణం ఇదే. దీన్ని చెక్క మీద వదిలేసి ఇంకోదాన్ని ఎత్తుకుపోవడానికి ఆమెకు మనసొప్పలేదు. పైగా దాని నోరింకా కదులుతోంది. దెబ్బతిన్న చేపలు మళ్లీ తేరుకోవడం ఆమె చూడకపోలేదు. నీళ్లసంచిలో వేసుకుని సరస్సుకేసి పరుగెత్తింది.

రాతిమెట్ల మీద కూర్చుని చేపను నీళ్లలోకి దించింది. అది పక్కకి ఒరిగిపోయింది. అప్పుడే ఫోను మోగింది.

"అమ్మా, తోపుడు మంచం వచ్చేసింది. చేపేదీ?"

కాస్త అవతల, జనం వేసే రొట్టెముక్కల కోసం ఎర్రచేపలు ఒకదానిమీదొకటి ఎగబడుతున్నాయి. రుయిఫెన్ ఫోను అటు తిప్పింది. "అదిగో. ఆ చివర ఉన్నది."

"అబ్బ, ఎర్రదే! ఎంత హుషారుగా ఉందో." లింగ్యూ నవ్వింది. పెదవులు నీలంగా ఉన్నాయి. "బేరమాడలేదుగా?"

"లేదు తల్లీ."

వీడియో ఆగిపోయింది. రుయిఫెన్ ఫోన్ని మెట్టు మీద పెట్టి, రెండు చేతులతో చేపను నిలబెట్టి, మొప్పల్లోకి నీళ్లు పోయేలా ముందుకూ వెనక్కూ ఆడించసాగింది. చేతులు కొంకర్లు పోయినా ఆపలేదు.

"ఏయ్ పెద్దమ్మా! ఇక్కడ చేపల్ని వదలకూడదు. బోర్డు కనిపించట్లేదా?" కాపలా కుర్రాడు గట్టిగా అరుచుకుంటూ వచ్చాడు.

"వదలడం లేదు నాయనా. వదిలితే తిరగబడిపోతుంది. నా బిడ్డకి ఆపరేషన్ జరుగుతోంది."

అతను చేపను చూశాడు, ఆమెను చూశాడు. పక్కనే నిలబడిపోయాడు.

ఆపరేషన్ సాయంత్రం దాకా పడుతుందని డాక్టర్లు చెప్పారు. మధ్యాహ్నమైనా కాకముందే మెట్టు మీద ఫోను మోగింది. దెహాయ్.

"పెద్దమ్మా, ఫోను."

"ఉండు బాబూ. ఇప్పుడే మొప్ప కదిలింది."

మొప్పను కదిలించింది ఆమె చేతులే. ఇన్నేళ్లు చేపలమ్మిన మనిషికి ఆ సంగతి తెలియక కాదు. ఫోను ఆగి, మళ్లీ మోగింది. ఆమె చేపను వదల్లేదు.