ఏటి గట్టున వెల్లకిలా

కాస్త దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే ఓపిక లేదు. ఒక దర్జీ ఉండేవాడు. వారమంతా మిషను మీద వంగి కుట్టి కుట్టి, సెలవునాడు ఏటి గట్టున గాలం వేసుకుని కూర్చుంటే తప్ప ఆయనకు ప్రాణం లేచి వచ్చేది కాదు. అలాంటి మనిషికి నడుము పట్టేసింది. వంగొద్దు, బరువెత్తొద్దు, ఎక్కువసేపు కూర్చోవద్దు అన్నాడు డాక్టరు.

"ఇంక చొక్కాలా చిలక్కొయ్యకు వేలాడటమే మిగిలింది," అని దర్జీ విసుక్కున్నాడు.

కొన్ని వారాలు ఓర్చుకుని, ఆగలేక ఒకనాడు గాలం భుజాన వేసుకున్నాడు. భార్య స్టూలు మోస్తూ, తిడుతూ వెంట నడిచింది.

"ఆ చేపలేమన్నా నీ మేనత్త కూతుళ్లా, చూడకపోతే బెంగ పెట్టుకోడానికి?"

ఎర గుచ్చడానికి వంగాడో లేదో, నడుము కలుక్కుమంది. ఆమె ఆయన్ను గడ్డిలో వెల్లకిలా పడుకోబెట్టింది. నొప్పికన్నా, ఇక ఏటి మొహం చూడలేనేమో అన్న దిగులే ఆయన్ను ఎక్కువ తినేసింది.

"పోదామా?" అంది ఆమె.

"పోదాంలే. ఒక్కసారి నువ్వు వెయ్యవే. గుండీ కుట్టినట్టే, ఇటు గుచ్చి అటు తియ్యి."

కొట్లో గుండీలన్నీ ఆమె కుట్టేవే. ఎర చక్కగా గుచ్చి, గాలం విసిరి, నీళ్ల మీద తేలే బెండు మీదే కన్నేసి స్టూలు మీద కూర్చుంది. కాసేపటికి దర్జీ నీరసంగా, "ఇంటికి పోదామే," అన్నాడు.

"నోర్మూసుకుని పడుకో! బెండు కదులుతోంది."

దర్జీ కళ్లు మూసుకుని, నీళ్ల చప్పుడు వింటూ అలాగే నిద్రపోయాడు. మరుసటి సెలవునాడు ఆయనకన్నా ముందు ఆమే గాలం పట్టుకుని గడప దాటింది. నడుము పట్టేసి డీలా పడ్డవాళ్లు కనబడితే మరచిపోకుండా ఈ సంగతి చెప్పండి, నాయనా.